ప్రమాణం: గోతంతో కలిపి, గోతం తీసేసి

మిర్చి అమ్ముకుని వచ్చిన రోజున మా పెదనాన్న నోట మొదట వచ్చేది ధర కాదు, తూకం. "క్వింటాలు ఎంతకు పోయింది?" అని పెద్దమ్మ అడుగుతుంటే, "గోతానికి ఎంత తరుగు తీశాడో ముందు అది విను" అని మొదలుపెట్టేవాడు. మాది పర్చూరు వైపు పల్లె. నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడిలో ఓ చెక్క పత్తి, ఓ చెక్క మిరప. ఏడాది పొడుగునా పడ్డ పాటు చివరికి కాటా మీద ఒక అంకె అయిపోతుంది కాబట్టి, ఆ అంకె మీద ఆయనకు ఎప్పుడూ కన్నే.

ఒకసారి ఎక్కడో కాటా దగ్గర గోతం బరువు మీద మాటామాటా పెరిగిందట. ఖాళీ గోతం ఎంత తూగుతుందో అంతే తీయాలని ఈయన, అందరికీ తీసినంతే తీస్తానని కాటా వేసేవాడు. "అయితే ప్రమాణం చేస్తావా?" అన్నాడట పెదనాన్న. అతను కాటా పక్కనున్న రాళ్ళ మీద ముద్ర చూపించి, "ఇది సర్కారు ప్రమాణం పెద్దాయనా, మళ్ళీ నా ప్రమాణం దేనికి?" అన్నాడట. పెదనాన్న ఈ సంగతి ఓడిపోయినట్టు చెప్పేవాడు. నాకు మాత్రం ఆ ఇద్దరి మధ్య ఒకే మాట రెండు వేషాలు కట్టడం చూసి ముచ్చటేసింది. తర్వాత వెబ్ పేజీలు తయారుచేసే పనిలో పడ్డాక ఆ మాట మూడో వేషంలో ఎదురైంది. అప్పటి నుంచి వదల్లేదు.

సంస్కృతంలో 'మా' ధాతువుకు కొలవడమని అర్థం. మానం, పరిమాణం, మాత్ర, మితం, అమితం అన్నీ దాని సంతానమే. నిర్మాణమూ అక్కడిదే, కొలవకుండా కట్టలేం కదా. మన మానిక కూడా ఆ ఇంటి బిడ్డే. 'ప్ర' చేరితే ప్రమ, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడం. అలా తెలుసుకునే సాధనం ప్రమాణం. న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలు లెక్కపెట్టింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. చార్వాకులు కంటికి కనపడేది ఒక్కటే చాలన్నారు. కుమారిలభట్టు బాటలో నడిచిన మీమాంసకులు ఆరుదాకా వెళ్ళారు. వీటిలో అనుమానం తెలుగులోకి వచ్చి చెడిపోయింది పాపం. కొండ మీద పొగను చూసి నిప్పును తెలుసుకునే నిక్కమైన పద్ధతి, మన వీధుల్లోకి వచ్చేసరికి మొగుడూ పెళ్ళాల తగవు అయింది.

ప్రమాణం చెడిపోలేదు, బరువెక్కింది. హిందీలో 'ప్రమాణ్' అంటే రుజువు. ఒట్టు కావాలంటే 'శపథ్' అనాలి, కొలబద్ద కావాలంటే 'మానక్' అనాలి. మరాఠీలో 'ప్రమాణ భాష' అంటే బళ్ళోనూ పుస్తకంలోనూ చెలామణి అయ్యే భాష. తెలుగులో ఈ మూడూ ఒకే గోతంలో ఉన్నాయి. కొలత, రుజువు, వాటి పక్కనే గుళ్ళో చేసే సత్యం. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ ఈ పదం కింద ఈ అర్థాలు కలిసే కనపడతాయి. ఇది మన ఒక్కరి సొత్తేమీ కాదు, కన్నడంలోనూ ప్రమాణమంటే ఒట్టే, తమిళంలో 'పిరమాణం' కూడా అంతే. దక్షిణాదివాళ్ళం ఎందుకో కొలిచేవాణ్ణీ ఒట్టేసేవాణ్ణీ ఒకే మాటకు కట్టేశాం.

అచ్చ తెలుగు ఒట్టు వేరు. అది నెత్తి మీద చెయ్యి పెట్టి అనేసేది, కోపం తగ్గాక "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అంటే తీరిపోయేది. ప్రమాణం అలా తీరదు. దానికి గుడి కావాలి, దీపం కావాలి, నలుగురు పెద్దమనుషులు కావాలి. ఊళ్ళో తేలని తగవులకు కాణిపాకం గుడి దాకా వెళ్ళినవాళ్ళున్నారు. మంత్రులు కూడా ప్రమాణస్వీకారమే చేస్తారు. ఒట్టుస్వీకారం అంటే నవ్వొస్తుంది.

కొలతల్లోనూ ఒకప్పుడు నమ్మకమే పెద్ద సంగతి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పిల్లలం వల్లెవేశాం కానీ, ఒక ఊరి మానిక పక్క ఊరి మానికతో కలిసేది కాదు. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి దేశమంతటికీ కిలో, లీటరు తెచ్చింది. అప్పటిదాకా కొలత పక్కన మనిషి నిలబడి ఉండేవాడు. చట్టం వచ్చాక ముద్ర నిలబడింది. కాటా దగ్గర అతను పెదనాన్నకు చెప్పింది సరిగ్గా ఇదే.

ఇక మూడో వేషం. 2002 ప్రాంతంలో గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇరుకు గదిలో కూర్చుని, కోల్డ్ స్టోరేజీలకూ మిర్చి ఎగుమతిదారులకూ వెబ్ పేజీలు చేసేవాళ్ళం. సన్నం, తేజ, 334 అని రకాల పేర్లు, పక్కన ఎర్రటి ఫొటోలు, కింద ఫోన్ నంబరు. ఒక బ్రౌజర్‌లో చక్కగా అమరిన పేజీ ఇంకో బ్రౌజర్‌లో తెరిస్తే కుడివైపు వరస కిందికి జారిపోయేది. రాత్రంతా వెతికితే కారణం దొరికింది, అచ్చం మా పెదనాన్న తగవే.

వెబ్ పేజీలో ప్రతిదీ ఒక పెట్టె. లోపల సరుకు, దాని చుట్టూ కాస్త ఖాళీ, ఆ ఖాళీ చుట్టూ అంచు. వెడల్పు 300 అని మనం రాస్తే, ఆ 300 సరుకుదా, గోతంతో కలిపా? 1996 డిసెంబరులో వెబ్ కన్సార్టియం పేజీల రూపం కోసం ఇచ్చిన తొలి సీఎస్ఎస్ నియమాలు సరుకు ఒక్కదానిదే అన్నాయి. ఖాళీ అటూ ఇటూ 20, అంచు అటూ ఇటూ 5 అయితే పెట్టె మొత్తం 350 అవుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం గోతంతో కలిపి తూచింది. పెట్టె 300 దగ్గరే ఆగుతుంది, లోపలి సరుకే 250కి తరుగుతుంది. ఒకే మాట, రెండు కాటాలు, మధ్యలో 50 తేడా.

ఎవరి కాటా నిజమైనదన్న తగవు తీర్చడానికి బ్రౌజర్లవాళ్ళు చేసిన ఏర్పాటు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపెడుతుంది. పేజీ అన్నిటికంటే పైన ఒక పంక్తి రాయాలి, దాని పేరు డాక్‌టైప్. అది సరిగ్గా ఉంటే, రాసినవాడు నియమాలకు కట్టుబడతానని చెప్పుకున్నట్టు. బ్రౌజర్ కూడా నియమం ప్రకారమే తూచుతుంది. లేకపోతే 'క్విర్క్స్ మోడ్', అంటే పాత అలవాటు తూకం. 2000లో మ్యాక్ కంప్యూటర్ల ఎక్స్‌ప్లోరర్ 5, 2001లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ 6 ఈ పద్ధతి పెట్టాయి. ఆ పంక్తి తెర మీద కనపడదు, ఇంకే పనీ చేయదు. గుళ్ళోకి వెళ్ళి దీపం ముందు నిలబడటం లాంటిది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు ప్రకటన అన్నారు. తెలుగులో దానికి సరైన పేరు ప్రమాణమే. వెబ్ స్టాండర్డ్స్‌ను వెబ్ ప్రమాణాలని అనువదించినవాళ్ళ మనసులో ఒట్టు ఉందో లేదో గానీ, మాటలో మాత్రం ఉంది.

ఇందులో ఇంకో తమాషా. గోతంతో కలిపి తూచే లెక్కే పనివాడికి సులువని తర్వాత తేలింది. పెట్టెను ఎక్కడ పెట్టాలో చూసుకునేవాడికి కావలసింది బయటి కొలతే. సీఎస్ఎస్ మూడో విడతలో రెండు లెక్కల్లో ఏది కావాలో ఎంచుకునే వీలొచ్చింది. నేటి పేజీల్లో చాలావాటి సీఎస్ఎస్ మొదట్లోనే "గోతంతో కలిపి లెక్కించు" అని ఉంటుంది. ఓడిపోయినవాడి కాటా చివరికి సంతలో నిలిచింది. కాకపోతే ఏ లెక్కో ముందు చెప్పి మరీ తూచాలి. పెదనాన్న అడిగిందీ అంతే.

దొంగప్రమాణాల ముచ్చటా ఉంది. బ్రౌజర్ ఏ సైటు గుమ్మంలోకి వెళ్ళినా ముందు తన పేరు చెప్పుకోవాలి. నెట్‌స్కేప్ బ్రౌజర్ తన పేరు 'మొజిల్లా' అని చెప్పేది. హంగులున్న పేజీలను సైట్లవాళ్ళు మొజిల్లాకు మాత్రమే పంపేవారు. 1995 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌కు ఆ హంగులు కావాలి, అందుకని అదీ "నేను మొజిల్లా" అనడం మొదలుపెట్టింది, కాకపోతే కుండలీకరణాల్లో గొణిగినట్టు అసలు పేరు. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావాటిది అదే దారి. ఇవాళ మీ ఫోన్‌లోని క్రోమ్ ఏ గుమ్మం తొక్కినా "నేను మొజిల్లాని, ఆపిల్ వెబ్‌కిట్‌ని, గెకో లాంటిదాన్ని, క్రోమ్‌ని, సఫారీని" అని ఒక్క గుక్కలో అంటుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడమంటే ఇదే. అందరూ అబద్ధమే చెబుతారు కాబట్టి ఎవరూ మోసపోవడం లేదు.

కొనేవాడు ఒక్కడే మిగిలిన సంతలో ప్రమాణం ఏమవుతుందో మా రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విండోస్‌కు బ్రౌజర్‌ను అంటగట్టినందుకు 1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌ మీద దావా వేసింది. దావా నడుస్తుండగానే నెట్‌స్కేప్ కుప్పకూలింది. 2001 ఆగస్టులో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చాక, నూటికి తొంభైమందికి పైగా అదే వాడుతున్న రోజుల్లో, తర్వాతి కూర్పు 2006 అక్టోబరుదాకా రాలేదు. ఐదేళ్ళు! పోటీ లేని కాటాకు తుప్పు కూడా ఎవరూ వదిలించరు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వచ్చాక గానీ కదలిక లేదు. ఆ కాలంలో నేనొక ప్రభుత్వ దరఖాస్తు నింపబోతే పేజీ తెల్లగా మిగిలింది. కింద సన్నటి అక్షరాల్లో, ఫలానా బ్రౌజర్‌లో ఫలానా కొలత తెరపై చూస్తేనే బాగుంటుందని ఒక హెచ్చరిక. అప్పట్లో ఆ వాక్యం లేని సైటే అరుదు. గుడి ఒకరిదైతే ప్రమాణం ఆ ఊరికే చెల్లుతుంది.

తెలుగు చదువుకునేవాడికి ఆ రోజుల్లో ఇంకో నరకం. యూనికోడ్ అనే ఉమ్మడి అక్షరాల పట్టికలో తెలుగుకు 1991లోనే 128 గళ్ళు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే ఖతి (ఫాంట్) కూడా వచ్చింది. అయినా ఒత్తులు సరిగ్గా కూర్చోవాలంటే సెట్టింగుల్లో క్లిష్టలిపుల గడికి టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, మళ్ళీ స్టార్ట్ చేయాలి. నెట్ సెంటర్లలో సీడీ ఎవరిస్తారు? అందుకే తెలుగంతా డబ్బాలు. ఆ తరంలో "డబ్బాలు కనపడుతున్నాయి" అన్నంత మామూలు మాట ఇంకోటి లేదు. పెద్ద పెద్ద దినపత్రికలు ఎవరి ఖతి వాళ్ళు చేసుకుని, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు దాచాయి. ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకం ఖతి, నెట్‌స్కేప్‌కు ఇంకో రకం. అక్కణ్ణుంచి ఒక వాక్యం నకలు తీసి వేరేచోట అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు రాలేది. ఒక పత్రిక 'క' ఇంకో పత్రిక 'క' కాదు, మన మానికల కాలమే మళ్ళీ వచ్చింది.

ఈ గోడలను కూలగొట్టినవాళ్ళలో నాగార్జున వెన్న పేరు చెప్పకపోతే అపచారం. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వ్యక్తే, 'పద్మ' అని మొజిల్లా బ్రౌజర్లకు ఒక పొడిగింపు రాశాడు. పత్రిక పేజీ తెరవగానే అది ఆ సొంత సంకేతాలను విప్పి యూనికోడ్‌లోకి తూచి పెట్టేది. దాన్ని పెట్టుకున్న రాత్రి తెర మీద ఒక పత్రిక వార్త ఎంచి, నకలు తీసి, ఉత్తరంలో అతికిస్తే తెలుగు తెలుగుగానే వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా. పెదనాన్నకు ఏమర్థమైందో గానీ, "అందరి గోతాలూ ఒకే కాటా మీద తూగాయన్నమాట" అన్నాడు.

పొడిగింపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి తొడుగుల సంగతి కూడా ఓ రెండు మాటల్లో. ఆ రోజుల్లో మా కుర్రాళ్ళకు కంప్యూటర్‌కు వేషం మార్చడమొక పిచ్చి. విండోస్‌కు మ్యాక్ తొడుగు, పాటలు వినిపించే వినాంప్‌కు సినిమా హీరో తొడుగు. ఎక్స్‌పీ మాత్రం మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం లేని తొడుగును లోపలికి రానిచ్చేది కాదు. మావాళ్ళు యూఎక్స్‌థీమ్ అనే ఫైలును మార్చి కాపలావాడినే మాన్పించేవారు, లేదా విండోబ్లైండ్స్ లాంటి ప్రోగ్రాంతో పక్కదారి పట్టేవారు. సంతకం కూడా ప్రమాణమే, రాతపూర్వకమైన ఒట్టు. కాకపోతే తన ఇంటి గోడకు ఏ రంగు వేసుకోవాలన్నదానికి కూడా ఊరి పెద్ద సంతకం అడిగితే ఎవడికైనా కాలుతుంది.

ఇంతకీ వెబ్ కన్సార్టియం తన నియమాలను ప్రమాణాలని అనదు, వినయంగా 'రికమెండేషన్' అంటుంది. తెలుగులో సిఫారసు. మన దగ్గర సిఫారసంటే ఉద్యోగం కోసం ఎమ్మెల్యే రాసే చీటీ. టిమ్ బెర్నర్స్‌లీ 1994లో కన్సార్టియం పెట్టినప్పుడు దానికి పోలీసులు లేరు, కోర్టు లేదు. వినేవాళ్ళుంటేనే సిఫారసు. పదేళ్ళకు, 2004లో, ఆపిల్, మొజిల్లా, ఒపెరా మనుషులు వేరుకుంపటి పెట్టారు. పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌కు తాము రాసిన నియమాలను వాళ్ళు 'లివింగ్ స్టాండర్డ్' అన్నారు. ఎప్పటికీ ముగియని, వాడుకను బట్టి దిద్దుకుంటూ పోయే ప్రమాణం. 2019 మేలో కన్సార్టియం కూడా హెచ్‌టీఎంఎల్ పెత్తనాన్ని ఆ కుంపటికే అప్పగించింది. ఈ కథ ఎక్కడో విన్నట్టు లేదూ? గ్రాంథికానికీ వ్యావహారికానికీ జరిగిన పోరే ఇది. పుస్తకంలో ఉన్నది భాషా, నోట్లో ఉన్నది భాషా అని గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా అడిగిన ప్రశ్నే.

ఇక్కడ మా జిల్లాలవాళ్ళం కాస్త తల దించుకోవాలి. వ్యావహారికం గెలిచాక, ఎవరి వ్యావహారికం ప్రామాణికమైంది? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళది. అచ్చుయంత్రాలు, పత్రికలు, సినిమాలు ఇక్కడివాళ్ళ చేతుల్లో ఉండటంతో, ఎవరూ సభ పెట్టి ఓటు వేయకుండానే మా ఇంటి మాట పాఠ్యపుస్తకం మాట అయింది. మా బడిలో 'మడక' తప్పు, 'నాగలి' ఒప్పు. శ్రీకాకుళం, కరీంనగర్, అనంతపురం మాటలకు 'మాండలికం' అని చీటీ అంటించాం, మాకు ఏ చీటీ లేదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోటి మాటలు ఏరించి, 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చేదాకా, ఆ మాటలకూ నిఘంటువులో చోటుండాలని చాలామందికి తోచలేదు. ఇవాళ బ్రౌజర్ల లోకంలో క్రోమ్‌ది ఆనాటి మా స్థానమే. ఒపెరా 2013లో తన సొంత ఇంజన్ వదిలేసి క్రోమ్ ఇంజన్‌కు మారింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా అదే చేసింది. ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్‌లో కన్నుమూసింది. క్రోమ్ పలికినట్టు పలికితే ఒప్పు, ఫైర్‌ఫాక్స్‌లో తేడా వస్తే ఫైర్‌ఫాక్స్‌దే యాస. పేజీలు చేసే కుర్రాళ్ళు ఇప్పుడు క్రోమ్‌లో ఒక్కసారి చూసి లేచిపోతారు. నేనూ లేచిపోతాను, దాచడమెందుకు.

అంతా ఒకే కాటా మీదికి వచ్చాక తగవులు ఉండవనుకున్నాం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను పడగొట్టింది. ఆ సందేశం అందితే చాలు, దాన్ని చూపబోయిన ప్రోగ్రాం కుప్పకూలేది. తిరిగి తెరిస్తే తిరిగి కూలేది. ఆ అక్షరం 'జ్ఞా'. జ, పొల్లు, ఞ, వాటి తర్వాత అక్షరాలను విడదీసే కనపడని గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం. ఇంగ్లీషు పత్రికలు దాన్ని 'టెక్స్ట్ బాంబు' అన్నాయి. యూనికోడ్ లెక్కలో ఆ వరస నిషిద్ధమేమీ కాదు, ఆపిల్ అక్షరాలు పేర్చే యంత్రానికే అది మింగుడుపడలేదు. అదే నెల 19న మరమ్మతు వచ్చింది. సంస్కృత వ్యాకరణం చదివినవాళ్ళు మాత్రం నవ్వుకునే ఉంటారు. 'జ్ఞా' అంటే తెలుసుకోవడం. ప్రమాణం ఎందుకంటే, ఆ తెలుసుకోవడం కోసమే.

పోయినేడు పెదనాన్నతో పత్తి అమ్మకానికి వెళ్ళాను. ఇప్పుడు కాటా ఎలక్ట్రానిక్, అంకె ఎర్రగా మెరుస్తుంది. దానికంటే ముందు తేమ చూసే యంత్రం. కాటన్ కార్పొరేషన్ నిబంధన ప్రకారం తేమ 8 శాతందాకా పూర్తి ధర, అక్కణ్ణుంచి 12దాకా కోత, 12 దాటితే కొనరు. ముందురోజు కల్లంలో తిరగేసి తిరగేసి ఆరబెట్టినా పెదనాన్న కళ్ళు యంత్రం మీదే. మూడుచోట్ల గుచ్చారు. ఒకచోట 9, ఒకచోట 11, ఒకచోట 10. గుచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, చెవిలో ఇయర్‌ఫోన్.

"ఏది రాస్తావు బాబూ?" అన్నాడు పెదనాన్న.

కుర్రాడు యంత్రం వంక చూశాడు, పెదనాన్న వంక చూశాడు, ఇయర్‌ఫోన్ తీశాడు. "మీరే చెప్పండి తాతా, ఇంకోసారి గుచ్చమంటారా?"

పెదనాన్న గోతం మూతి తనే విప్పి పట్టుకున్నాడు.